రోమ్‌లో మూడు రోజులు: ఎక్కడ తినాలి, బిల్లు ఎవరు కట్టాలి?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. భర్త విద్యుత్ శాఖలో చేసి ఆయనా రిటైరయ్యారు. ఒక్కతే కూతురు, భర్తతో జర్మనీలో ఉంటోంది. వచ్చే ఫిబ్రవరి చివరలో వీళ్లిద్దరూ అమ్మాయి దగ్గరికి వెళ్తున్నారు. అక్కడి నుంచి నలుగురూ కలిసి మూడు రోజులు రోమ్ చూసి రావాలని అల్లుడు విమానం టికెట్లు తీశాడు, హోటల్లో రెండు గదులు బుక్ చేశాడు.

చిక్కంతా తిండి దగ్గర వచ్చింది. అమ్మాయి పేరున్న రెస్టారెంట్ల జాబితా పంపింది. పాఠకురాలి భర్త యూరోల్లో ఉన్న ఒక్కొక్క ధరనూ రూపాయల కోసం వందతో గుణించుకుంటూ పోయి, నలుగురి రాత్రి భోజనం ఇరవై వేలని తేలగానే కాగితం పక్కన పెట్టేశారు. "కుక్కర్ తీసుకెళ్దాం. నాకు పెరుగన్నం చాలు. అల్లుడి డబ్బుతో ఊరేగే అవసరం నాకు లేదు" అన్నారట. అల్లుడేమో పెద్దవాళ్లను జేబులో చెయ్యి పెట్టనివ్వడు. పోయినసారి పిల్లలు తిరుపతి వచ్చినప్పుడు ఒక హోటల్లో బిల్లు నేనంటే నేనని ఇద్దరూ పట్టుబట్టారు. చివరికి అల్లుడే చెల్లించాడు. మామగారు ఇల్లు చేరేదాకా పెదవి విప్పలేదు. దంపతులిద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. ఆయనకు మధుమేహం, రాత్రి ఏడున్నరకల్లా తినాలి.

ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "ఒక్క పూటైనా ఆ ఊరి వంటను ఆ ఊళ్లో, తీరిగ్గా కూర్చుని తినాలని నాకుంది. ఈ వయసులో ఇదేం కోరిక అని నాకే సిగ్గేస్తోంది. తక్కువ ఖర్చులో మంచి ఇటాలియన్ హోటల్ ఎలా ఎంచుకోవాలి? కుక్కర్ తీసుకెళ్లాలా? అమ్మాయికి ఏం చెప్పాలి?"

*

ఆ సిగ్గు సంగతి ముందు తేల్చేద్దాం. కొన్ని దశాబ్దాల పాటు ఇంట్లో అందరికీ వడ్డించి ఆఖరున తిన్న మనిషి, ఒక పూట ఎవరో వండి తెచ్చిపెడితే తినాలనుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీరు అడిగిన మూడు ప్రశ్నల్లోనూ ఇది లేదు. చివర్లో చిన్న అక్షరాలతో, క్షమాపణ చెబుతున్నట్టు రాశారు. నేను మాత్రం దీన్నే మొదట పెట్టుకుని మిగతావి చూస్తాను.

మీ ఉత్తరంలో రెండు విషయాలు కలగలిసిపోయాయి. ఒకటి హోటల్ ఎంపిక, రెండోది మామా అల్లుళ్ల మధ్య పట్టింపు. మొదటిది కాస్త తెలుసుకుంటే తేలిపోతుంది. పైగా అది మీకు సగం తెలిసిన విద్యే.

మీరుండేది తిరుపతిలో. బస్టాండు ఎదురుగా, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఉన్న హోటళ్లలో మీ ఇంటిల్లిపాదీ కూర్చుని భోంచేసింది ఎన్నిసార్లు? అవి కొండకు వచ్చిపోయే యాత్రికుల కోసం. ఊళ్లోవాళ్లు తినేది నాలుగు వీధులు లోపలికి వెళ్లాక, బోర్డు కూడా సరిగ్గా కనబడని చోట. రేపు మళ్లీ రాని మనిషి కోసం వండడానికి, వారానికి రెండుసార్లు వచ్చే మనిషి కోసం వండడానికి ఉన్న తేడా మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. రోమ్ కూడా యాత్రికుల ఊరే. వాటికన్‌కు వచ్చేవాళ్లు, కొలోసియం చూడవచ్చేవాళ్లు ఏడాది పొడవునా ఉంటారు. పాంథియన్ ముందు, నవోనా చౌకు అంచున, ట్రెవి ఫౌంటెన్ పక్కన ఉన్న టేబుళ్లు వాళ్ల కోసం వేసినవి. గుమ్మం దగ్గర ఒక మనిషి నిలబడి "రండి రండి" అని పిలుస్తుంటే, మెనూలో ప్రతి వంటకానికీ రంగుల ఫొటో ఉంటే, ఆరు దేశాల జెండాలు అచ్చువేసి ఉంటే, ముందుకు నడవండి. పది నిమిషాలు నడిస్తే ధరలూ మారతాయి, తినేవాళ్లూ మారతారు.

ఇంకో గుర్తు వేళ. రోమ్‌లో ఇంటివాళ్లు నడిపే మామూలు భోజనశాలను ట్రాట్టోరియా అంటారు. అక్కడ మధ్యాహ్న భోజనం పన్నెండున్నర నుంచి రెండున్నర, మూడు వరకు. తర్వాత వంటిల్లు మూసేస్తారు. మళ్లీ రాత్రి ఏడున్నరకు తెరుస్తారు. సాయంత్రం నాలుగున్నరకు వేడివేడి పాస్తా వడ్డిస్తున్నారంటే అది ఊరివాళ్ల హోటల్ కాదు. ధరల పట్టిక బయట తగిలించి ఉండాలి. అది లేని చోట అసలు లోపలికే వెళ్లవద్దు.

పేటలు చెబుతాను. వాటికన్ చూసిన రోజు అక్కడి గోడ పక్కన తినకుండా ప్రాతి పేటలోకి నడవండి. ఆఫీసులు, నివాసాలు ఉన్న చోటు. దానికి దగ్గరే త్రియోన్‌ఫాలె మార్కెట్ ఉంది, పొద్దున్నే వెళ్తే పళ్లు కొనుక్కోవచ్చు. కొలోసియం చూసిన రోజు మెట్రో బి లైన్ ఎక్కి రెండో స్టేషన్ పిరమిదె దగ్గర దిగితే తెస్తాచ్చో పేట. అక్కడి మార్కెట్లో మధ్యాహ్నం చవకగా తినవచ్చు, ఆదివారం మాత్రం ఉండదు. ఒకప్పుడు ఊరి కబేళా ఆ పేటలోనే ఉండేది. అందుకే అక్కడి పాత హోటళ్ల మెనూ నిండా పేగులు, కాలేయం లాంటివి ఉంటాయి. మీరు కంగారుపడవద్దు, పిజ్జా దుకాణాలు వేరుగా ఉన్నాయి. యూనివర్సిటీ పక్కనున్న సాన్ లోరెంత్సో విద్యార్థుల పేట, అక్కడ రాత్రి భోజనం చవక. ట్రస్తేవెరె పేరు మీ అమ్మాయి జాబితాలో తప్పక ఉంటుంది. చూడముచ్చటైన పేటే, నడవండి, కానీ పెద్ద వీధుల్లో కాకుండా వెనక సందుల్లో తినండి.

ఇక రోజు ఎలా గడపాలన్నది. ఖర్చును నిజంగా తేల్చేది హోటల్ పేరు కాదు, రోజుకు ఎన్నిసార్లు కుర్చీలో కూర్చుని తిన్నారన్నది. పొద్దున కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే సుమారు ఒకటిన్నర యూరో అవుతుంది. అదే కాఫీని నవోనా చౌకులో కూర్చుని తాగితే అయిదు యూరోలు దాటవచ్చు. అందులో మోసం లేదు, పట్టికలోనే రెండు ధరలూ రాసి ఉంటాయి. చాలా చోట్ల ముందు క్యాషియర్ దగ్గర డబ్బు కట్టి, రసీదు తెచ్చి కౌంటరు మీద పెట్టాలి. కాఫీతో అందరూ తినే కొర్నెత్తో అనే తీపి రొట్టెలో సాధారణంగా గుడ్డు పడుతుంది, మీకు కుదరదు. రొట్టెల దుకాణంలో పొద్దున్నే పిజ్జా బియాంకా దొరుకుతుంది. మైదా, నూనె, ఉప్పు, అంతే. అది తీసుకోండి.

మధ్యాహ్నానికి ముక్కల పిజ్జా ఉంది. అద్దం వెనుక మూరెడు పొడవున్న ఇనుప పళ్లేలు వరుసగా ఉంటాయి. ఎంత కావాలో మీరు వేళ్లతో చూపిస్తారు, అతను కత్తిని ముక్క మీద ఆనించి "ఇంతా?" అన్నట్టు చూస్తాడు. "ఇంకాస్త ఇటు" అంటారు. కోసి, తూచి, వేడిచేసి, కాగితంలో పెట్టి ఇస్తాడు. భాష అక్కర్లేదు. చూసుకోవలసింది ఒక్కటే: బోర్డు మీద రెండు యూరోలు అని ఉంటే అది ముక్క ధర కాకపోవచ్చు, వంద గ్రాముల ధర అయి ఉండవచ్చు. మనిషికి అయిదారు యూరోలతో కడుపు నిండుతుంది. అది పట్టుకుని స్పానిష్ మెట్ల మీద మాత్రం కూర్చోవద్దు. 2019 నుంచి అక్కడ కూర్చుంటేనే జరిమానా. ఫౌంటెన్ల గట్ల మీదా తిననివ్వరు. పార్కు బెంచీ వెతుక్కోండి. నీళ్లు కొనక్కర్లేదు. ఊరంతా రెండు వేలకు పైగా వీధి కుళాయిలున్నాయి, రాత్రీ పగలూ మంచినీళ్లు పారుతూ ఉంటాయి. సీసా దగ్గరుంటే చాలు.

ఇలా రెండు పూటలు గడిపితే రాత్రి భోజనానికి డబ్బు మిగులుతుంది. మీరు తీరిగ్గా కూర్చోవాలన్న పూట అదే. మామూలు పిజ్జేరియాలో, ట్రాట్టోరియాలో మనిషికి సుమారు ఇరవై యూరోలు అవుతుంది. మెనూలో నాలుగు వరుసలు ఉంటాయి. అన్నీ తెప్పించుకోవాలని రూలేమీ లేదు. ఒక పాస్తా లేదా పిజ్జా, ఒక కూరగాయల పళ్లెం చెప్పి ఆపేస్తే ఎవరూ తప్పుపట్టరు. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో మనిషికింత అని కుర్చీ రుసుము వసూలు చేయడాన్ని 2006లోనే చట్టం చేసి ఆపారు. దాని బదులు రొట్టె ధర అని ఒకటో రెండో యూరోలు బిల్లులో కనబడతాయి. అడగకుండానే రొట్టె తెచ్చి పెడతారు. వద్దనుకుంటే ముట్టకుండా వెంటనే వెనక్కి పంపండి. టిప్పు తప్పనిసరి కాదు.

శాకాహారం దగ్గర కాస్త ఆగుతాను. ఇబ్బందులు వచ్చేది పేరు చూసి కూరగాయే అనుకున్న వాటితోనే. సుప్లీ అని బియ్యంతో చేసి వేయించిన ఉండలు అమ్ముతారు, పాతకాలపు పద్ధతిలో లోపల మాంసం కూర ఉంటుంది. గుమ్మడి జాతి పువ్వుల్లో జున్ను, అంటే చీజ్, కూరి వేయించేది చూడగానే నోరూరుతుంది. జున్నుతో పాటు ఆంచోవీ అనే చిన్న చేప ముక్క కూడా పెడతారు. కార్బొనారా, అమత్రిచానా, గ్రీచా మూడింటిలోనూ పంది మాంసమే. తాజా పాస్తా రకాలు, అంటే ఫెత్తుచీనె, రవియోలి, లజానియా లాంటివి గుడ్డుతో కలిపిన పిండితో చేస్తారు. ఎండు స్పగెత్తి, పెన్నె, రిగతోని మామూలుగా గోధుమ రవ్వ, నీళ్లతోనే చేస్తారు. తిరమిసులో గుడ్డు, పన్నా కొత్తాలో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటాయి. నోరు తీపి చేసుకోవాలంటే సాధారణంగా నీళ్లు, చక్కెర, పళ్లరసంతో చేసే సొర్బెత్తో ఉంది, గుడ్డు వేయలేదని అడిగి తీసుకోండి.

జున్ను విషయం మీరిద్దరూ ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. పార్మిజానో, పెకొరీనో రొమానో రెండింటికీ పాలు విరగడానికి దూడ, గొర్రెపిల్లల పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. శాకాహారులలో దీన్ని పట్టించుకునేవాళ్లూ ఉన్నారు, పట్టించుకోనివాళ్లూ ఉన్నారు. అది మీ ఇష్టం. పట్టించుకోకపోతే మిరియాలు, పెకొరీనో జున్నుతో చేసే కాచో ఎ పెపె తప్పకుండా తినండి, గుడ్డు లేని ఎండు స్పగెత్తితో చేయమని అడిగి మరీ. పట్టించుకుంటే మీ పక్షాన మరినారా పిజ్జా ఉంది: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో అనే సువాసన ఆకు, ఆలివ్ నూనె. జున్నే వేయరు. సాధారణంగా మెనూలో అన్నిటికంటే చవకైనది కూడా అదే. ఎండుమిర్చి, వెల్లుల్లి, టమాటాతో చేసే పెన్నె అర్రబ్బియాతా మీ వారి నాలుకకు ఎక్కువ నచ్చవచ్చు. చికోరియా అనే చేదు ఆకుకూరను ఉడికించి, వెల్లుల్లి, మిరపకాయతో నూనెలో వేయించి పెడతారు. ఆయన అది ముందు తిని పిజ్జా సగం తింటే మైదా తగ్గుతుంది. ఫిబ్రవరి చివర ఆర్టిచోక్‌ల కాలం, పూమొగ్గలా ఉండే కూరగాయ అది. పాత యూదుల పేటలో వాటిని నూనెలో రెండుసార్లు వేయిస్తారు. బయటి రేకులు కరకరలాడతాయి, లోపలి భాగం మెత్తగా ఉంటుంది. డబ్బు కాస్త ఎక్కువైనా ఇది మాత్రం వదలవద్దు. అదే నూనెలో చేపలు వేయిస్తున్నారేమో ఒకమాట అడగండి.

హోటల్లో "శాకాహారం" అని ఊరుకోకుండా మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు అని మూడూ విడివిడిగా చెప్పించండి. అమ్మాయి ఇటాలియన్‌లో ఒక చీటీ రాసి మీ చేతికి ఇస్తే ఇంకా మేలు.

కుక్కర్‌కు మూడు దారులు. హోటల్ గదిలో రహస్యంగా వండవచ్చు. పొగ సైరన్ మోగితే అల్లుడి పేరు మీద ఉన్న గదికి జరిమానా పడవచ్చు, అప్పుడు మీ వారి అభిమానం ఏమవుతుందో ఆలోచించండి. రెండోది, హోటల్ రద్దుచేసి వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకోవడం. నలుగురికి నిజంగా ఖర్చు తగ్గవచ్చు. కానీ ఆ వంటింట్లో నిలబడేది ఎవరు? మీరే. అందుకని నాకిది నచ్చలేదు. మూడోది, కుక్కర్‌ను జర్మనీలో అమ్మాయి ఇంట్లో వదిలి, రోమ్‌కు కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ మాత్రం పట్టుకెళ్లడం. సూపర్ మార్కెట్లో చక్కెర వేయని పెరుగు దొరుకుతుంది. తెర్మిని రైల్వే స్టేషన్‌కు దగ్గరలో, ఎస్క్విలీనో పేటలో బంగ్లాదేశ్‌వాళ్ల, మనవాళ్ల దుకాణాలు, అన్నం పెట్టే హోటళ్లు ఉన్నాయి. రెండో రోజు మధ్యాహ్నం ఆయన్ని అక్కడికి తీసుకెళ్లండి. మూడు రోజుల్లో ఒక పూట అన్నం పడితే మిగతా పూటల గొడవ సగం చల్లారుతుంది. నెయ్యి సీసా, పాలకోవా మాత్రం సర్దుకోవద్దు. బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు తేవడాన్ని యూరప్ కూటమి నిషేధించింది, విమానాశ్రయంలో తీసి పారేస్తారు.

ఆయన మందుల వేళ గురించి ఇక్కడి డాక్టరుతో వెళ్లే ముందే మాట్లాడండి. ఏడున్నరకు తలుపు తెరిచినా పళ్లెం ముందుకు వచ్చేసరికి ఎనిమిది దాటుతుంది. ఆరున్నరకు తినడానికి వేయించిన పల్లీలో, శనగలో జేబులో ఉండాలి.

ఇప్పుడు అసలు ముడి. కూతురి సొమ్ము తినకూడదన్నది మీ వారి తరంలో చాలామంది పట్టింపు. అల్లుడికి మర్యాద చేయాలి గానీ అల్లుడితో చేయించుకోకూడదు. ఆయన పిసినారి కాదు, అవమానంగా భావిస్తున్నారు. ఆ మాట చెప్పుకోలేక ధరను వందతో గుణిస్తున్నారు. మీరు ఎంత చవకైన హోటల్ చూపించినా బిల్లు అల్లుడే కడితే ఆయనకు ముద్ద దిగదు. అల్లుడి వైపు చూస్తే, తొలిసారి అత్తమామలను తన సంపాదనతో తిప్పుతున్నాడు. ఆ సంతోషం అతనికీ కావాలి.

అంతా అల్లుడికే వదిలేయవచ్చు. అతను సంతోషిస్తాడు, మీరు మూడు రోజులు భర్త ముఖం చూస్తూ తింటారు. ఎవరి బిల్లు వాళ్లదే అనవచ్చు. లెక్క శుభ్రంగా ఉంటుంది, కుర్రవాడి మనసు నొచ్చుకుంటుంది. మూడోది ఉమ్మడి పర్సు. పొద్దున నిలబడి కాఫీ, మధ్యాహ్నం ముక్కల పిజ్జా, రాత్రి కూర్చుని భోజనం అనుకుంటే మనిషికి రోజుకు ముప్పై యూరోల్లో సరిపోతుంది. మూడు రోజులకు మీ ఇద్దరి వాటా నూట ఎనభై, అంటే మీ వారి వందల లెక్కన పద్దెనిమిది వేల రూపాయలు. వాళ్లదీ అంతే. ఆ డబ్బు ఇక్కడే యూరోలుగా మార్చి, రోమ్‌లో దిగగానే అమ్మాయి చేతికి ఇవ్వండి. చెల్లింపులన్నీ ఆమే చేస్తుంది. ఒకసారి లెక్కేసి ఇచ్చేశాక మీ వారు ప్రతి కాఫీ దగ్గరా గుణించుకోవాల్సిన పని ఉండదు. ఇందులోనూ ఒక ఇబ్బంది ఉంది: అల్లుడు ఒప్పుకోకపోవచ్చు. టికెట్లు, గదులు అతనివే కదా, వాటి ఊసు ఎత్తకుండా తిండి మాత్రం పంచుకుందామని అమ్మాయి చేత చెప్పించండి. మీరు నేరుగా చెబితే మొహమాటాలు మొదలవుతాయి. అప్పటికీ ఒప్పుకోకపోతే, ఒక్క రాత్రి భోజనం మామగారిదని ముందే మాట తీసుకోండి. ఎంచుకునేది కూడా ఆయనే అయితే మరీ మంచిది. ఆయన ఎక్కడికి తీసుకెళ్తారో నాకూ చూడాలనే ఉంది.

అమ్మాయి జాబితాను చెత్తబుట్టలో వేయకండి. దానికోసం ఆ పిల్ల ఎన్ని రాత్రులు కూర్చుందో. అందులోంచి ఒక్కటి, మీకు నచ్చినది ఎంచుకుని, "మిగతావి మీ ఇద్దరూ ఇంకోసారి వచ్చినప్పుడు" అని చెప్పండి. తెలుపు గుడ్డ పరిచిన టేబుల్ మీద తీరిగ్గా తినే పూట అదే కావాలి. ఖర్చు నలభై యూరోలు ఎక్కువైతే మీ పింఛను డబ్బులోంచి మీరివ్వండి, మీ వారి పర్సులోంచి కాదు. ఆదివారం రాత్రి, సోమవారం చాలా ట్రాట్టోరియాలకు సెలవు. కనుక ముందు తేదీలు చూసుకుని, మామూలు రోజున ఏడున్నరకే, తలుపు తెరిచే వేళకు, నలుగురికి టేబుల్ చెప్పి ఉంచమని అమ్మాయికి ఈ వారమే ఫోను చేయండి.